పీఫాస్‌కి ఫ్రిజ్ ఫిల్టరు చాలా, ఆర్వో పెట్టించాలా?

మోరిస్‌విల్ కోడలు:
అందరికీ నమస్కారం. మాది నార్త్ కరోలినా, జోర్డాన్ లేక్ నీళ్ళు. వాటిలో పీఫాస్, అదే నాన్‌స్టిక్ పెనాల్లాంటివాటిలో వాడే, ఓ పట్టాన విడిపోని రసాయనాలు, ఉందని చదివినప్పట్నుంచీ మనసు మనసులో లేదు, ఇంట్లో ఆర్నెల్ల బాబున్నాడు. మామయ్యగారేమో గుంటూరు నుంచి తెచ్చుకున్న టీడీఎస్ మీటరు గ్లాసులో ముంచి "నూట ముప్ఫయ్యే, అమృతంలా ఉన్నాయమ్మా" అంటున్నారు. కాచి తాగితే పోతుందా?

ఫిల్టరు బాబాయి:
పోదమ్మా. కాస్తే నీళ్ళు ఆవిరై తగ్గుతాయి, పీఫాస్ అక్కడే ఉంటుంది. ఇక ఆ మీటరు చూసేది కరిగిన ఉప్పులు, లీటరుకు మిల్లీగ్రాముల్లో. పీఫాస్ లెక్క నానోగ్రాముల్లో, అంటే అందులో పది లక్షల వంతు. 2024లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, పీఫాస్‌లో రెండు రకాలైన పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్‌లకు పెట్టిన హద్దు ఒక్కోదానికి లీటరుకు 4 నానోగ్రాములు. అంత చిన్న లెక్క మీటరుకు ఆనదు.

రాలీ తమ్ముడు:
బాబాయ్, ఫ్రిజ్‌లో కార్బన్ ఫిల్టరు ఉందిగా?

ఫిల్టరు బాబాయి:
కొంత పడుతుంది. 2020లో డ్యూక్, ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీల వాళ్ళు ఇక్కడి ఇళ్ళల్లో వాడుతున్న ఫిల్టర్లనే పరీక్షించారు. సింకు కింది ఆర్వోలు 94 శాతం, ఆపైన తీసేశాయి. కార్బన్‌వి సగటున 73. ఒక ఇంట్లో బ్రహ్మాండం, పక్కింట్లో దండగ. కార్బన్ నిండిపోతే ఇక పట్టదు, అణువు గొలుసు పొట్టిగా ఉన్న పీఫాస్ అయితే ముందే జారిపోతుంది. ఆర్వో పొర దారి వేరు: ఒత్తిడితో నీళ్ళు అవతలికి దాటుతాయి, పీఫాస్ ఇవతల ఆగిపోయి వేస్టు నీళ్ళతో డ్రెయిన్‌లోకి పోతుంది. యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్) అని రాసింది మాత్రం కొనకండి. దాని రంధ్రాలు బాక్టీరియాను ఆపుతాయి గానీ పీఫాస్‌కి అవి సింహద్వారాలే.

మోరిస్‌విల్ కోడలు:
డబ్బా మీద ఏం చూడాలి?

ఫిల్టరు బాబాయి:
ఆర్వోలకిచ్చే నాణ్యతా గుర్తు, ఎన్‌ఎస్‌ఎఫ్ 58 ముద్ర. అదొక్కటే చూసి తెచ్చేసుకోకు, టీడీఎస్ తగ్గించినా ఆ ముద్ర వేస్తారు. ఏమేం తీస్తుందన్న పట్టీలో పీఫాస్ పేరు విడిగా ఉండాలి. తాగడానికి, వంటకి, బాబు పాలపొడికి చాలు, స్నానాలకు అక్కర్లేదు.
నేను చేసిన తెలివితక్కువ పని కూడా విను. ఆర్వోలో పొరకి ముందుండే కార్బన్ కార్ట్రిడ్జి రెండేళ్ళు మార్చకుండా బద్ధకించాను. కుళాయి నీళ్ళ క్లోరిన్ నేరుగా వెళ్ళి పొరని తినేసింది. చవకది మార్చనందుకు ఖరీదైంది కొన్నాను. ఆరునెలలకోసారి మార్చేయమ్మా.
అన్నట్టు, ఆ మీటరు పారేయించకు. ఆర్వో బిగించాక లోపలికెళ్ళే నీళ్ళు, బయటికొచ్చే నీళ్ళు రెండూ చూడమను. బయటి అంకె నెలనెలా ఎక్కుతోందంటే పొర పాడవుతున్నట్టే.

మోరిస్‌విల్ కోడలు:
నిన్న బిగించారు బాబాయిగారూ. 130 లోపలికి, 11 బయటికి. మామయ్యగారు క్యాలెండరు మీద రాసేసుకున్నారు. కాఫీ మాత్రం చప్పగా ఉందంటున్నారు.