ఇంటి ఇంటర్నెట్: ఏడాది డబ్బు ముందే కట్టాలా, క్యాష్‌బ్యాక్ కోసం నెలనెలా కట్టాలా?

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్ నుండి)

అందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటి వారంలో మేము కూకట్‌పల్లి నుండి మియాపూర్‌లోని ఒక అద్దె ఇంటికి మారుతున్నాము. పాత ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ ఇంటి యజమాని పేరు మీదే ఉండేది కాబట్టి ఇంతవరకు ఈ విషయం గురించి ఆలోచించే అవసరం రాలేదు. 100 ఎంబీపీఎస్ వేగం మాకు సరిపోతుంది. విచారిస్తే మూడు దారులు కనిపించాయి: ఎయిర్‌టెల్‌లో నెలకు 799 రూపాయలు, జియోఫైబర్‌లో 699 రూపాయలు (రెండింటికీ 18 శాతం జీఎస్టీ అదనం), కాలనీ కేబుల్ ఆపరేటర్ దగ్గర అన్నీ కలిపి 600 రూపాయలు.

జియోలో ఆరు నెలల డబ్బు ముందే కడితే 15 రోజులు, పన్నెండు నెలల డబ్బు కడితే 30 రోజులు అదనంగా వస్తాయని చెప్పారు. మరోవైపు, ఎయిర్‌టెల్ బిల్లు మీద మంచి క్యాష్‌బ్యాక్ ఇచ్చే క్రెడిట్ కార్డు ఉందని మా ఆఫీసులో ఒకరు అన్నారు. నా దగ్గర ప్రస్తుతం అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు ఒక్కటే ఉంది. కంపెనీ ఇచ్చే ఇంటర్నెట్ పెట్టె హాల్లో ఉంటే లోపలి పడకగదికి సిగ్నల్ అందదని పాత అనుభవం వల్ల తెలుసు కనుక, 2,500 రూపాయల లోపు ఒక రౌటర్ కూడా కొనవలసి ఉంటుంది. కనెక్షన్, రౌటర్ రెండింటి మీదా కలిపి ఎక్కువ డబ్బు వెనక్కి రావాలంటే ఏ పద్ధతి మంచిదో లెక్కతో సహా చెప్పగలరా?

జవాబు 1

మీరు లెక్క అడిగారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. మీ ఆఫీసులో చెప్పినది ఎయిర్‌టెల్ యాక్సిస్ బ్యాంక్ కార్డు గురించి అయి ఉంటుంది. నేను 2023లో దానిని తీసుకున్నప్పుడు ఉన్న నిబంధనల ప్రకారం, ఎయిర్‌టెల్ మొబైల్, బ్రాడ్‌బ్యాండ్, డీటీహెచ్ బిల్లులను ఎయిర్‌టెల్ థ్యాంక్స్ యాప్ ద్వారా కడితే 25 శాతం వెనక్కి వస్తుంది, కానీ నెలకు 250 రూపాయలకు మించదు. వార్షిక రుసుము 500 రూపాయలు, జీఎస్టీతో కలిపి 590. బ్యాంకులు ఈ పట్టికలను తరచుగా మారుస్తుంటాయి కాబట్టి, దరఖాస్తు చేసే రోజున బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న పట్టికనే ప్రమాణంగా తీసుకోండి.

ఇక్కడ 25 శాతం అనే అంకె కన్నా 250 అనే పరిమితే ముఖ్యం. 799 ప్లాన్ బిల్లు జీఎస్టీతో 942 రూపాయల 82 పైసలు అవుతుంది. దానిలో 25 శాతం సుమారు 235 రూపాయలు, అంటే పరిమితికి కొద్దిగా లోపల. ఏడాదికి సుమారు 2,828 రూపాయలు వస్తాయి, కార్డు రుసుము పోగా 2,238 మిగులుతాయి. అదే బిల్లును ఏడాదికి ఒకేసారి కడితే 11,313 రూపాయలు దాటుతుంది, అయినా ఆ ఒక్క నెలకు వచ్చేది 250 రూపాయలే. నెలవారీ పరిమితి ఉన్న కార్డుతో ఏడాది డబ్బు ఒకేసారి కట్టడమంటే పదకొండు నెలల క్యాష్‌బ్యాక్‌ను చేతులారా వదులుకోవడమే. అలాగే 999 ప్లాన్‌కు మారితే బిల్లు 1,178 అవుతుంది కానీ క్యాష్‌బ్యాక్ 250 దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో ఎయిర్‌టెల్ మొబైల్ బిల్లు కూడా ఇదే కార్డుతో కడితే అదీ ఈ 250 లోపలే సర్దుకోవాలి. కార్డు ప్రకటనలు చదివేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇప్పుడు జియో సంగతి. 360 రోజులకు 30 రోజులు, 180 రోజులకు 15 రోజులు అదనం అంటే రెండూ ఒకే నిష్పత్తి, తగ్గింపు 7.7 శాతం. మీకు ఏజెంటు ఈ మాట చెప్పి ఉండడు. ఏడాది కట్టినా, ఆరు నెలలు కట్టినా, 30 రోజులకు పడే ఖర్చు జీఎస్టీతో సుమారు 761 రూపాయలే. ఎయిర్‌టెల్‌ను కార్డుతో నెలనెలా కడితే, కార్డు రుసుమును కూడా నెలలకు పంచి చూస్తే, 756 రూపాయలు పడుతుంది. అంటే తేడా అయిదు రూపాయలు! పైకి వంద రూపాయల తేడా ఉన్నట్టు కనిపించే రెండు ప్లాన్లు లెక్క తీరేసరికి దాదాపు ఒకే చోటికి వచ్చాయి.

ఇంకొక మాట. కార్డుతో చెల్లింపు తీసుకునే ప్రతి సంస్థకూ నాలుగు అంకెల వర్గ సంకేతం ఉంటుంది. టెలికాం సేవలకు 4814, కేబుల్, శాటిలైట్ టీవీ సేవలకు 4899, విద్యుత్తు, నీరు, గ్యాస్ వంటి వాటికి 4900, ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణాలకు 5732. పాయింట్లు లేదా క్యాష్‌బ్యాక్ ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఈ సంకేతాన్ని చూసే నిర్ణయిస్తుంది గాని, మీరు కొన్నది ఏమిటో చూసి కాదు. ఆన్‌లైన్ కొనుగోళ్లకు 5 శాతం ఇచ్చే క్యాష్‌బ్యాక్ ఎస్‌బీఐ కార్డు వంటివి రౌటర్ కొంటే డబ్బు ఇస్తాయి, యుటిలిటీ బిల్లు (ఇంటర్నెట్, కరెంటు వంటివి) కడితే ఇవ్వవు. అందువల్ల రౌటర్‌కు ఒక కార్డు, బిల్లుకు మరొక కార్డు అన్న ఆలోచన తప్పేమీ కాదు.

జవాబు 2 (ఉప్పల్ నుండి)

కాలనీ ఆపరేటర్ 600 రూపాయలకు ఇస్తున్నాడు కదా అని ఏడాది డబ్బు మాత్రం కట్టకండి. నేను 2025 జూన్‌లో ఒక స్థానిక ఆపరేటర్‌కు పన్నెండు నెలలకు 6,500 రూపాయలు యూపీఐలో పంపాను. ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తీగ తగిలి ప్రాణాలు పోయిన తరువాత, నగరమంతటా స్తంభాల మీది కేబుళ్లను తొలగించారు. ప్రాణాల విషయం కాబట్టి ఆ పనిని తప్పుపట్టను. కానీ మా వీధిలో మూడు వారాలు ఇంటర్నెట్ లేదు, ఆ తరువాత వచ్చినా రెండు రోజులు ఉంటే నాలుగు రోజులు ఉండేది కాదు. డబ్బు వెనక్కి అడిగితే ‘వేరే ఇంటికి మారినప్పుడు సర్దుతాను’ అన్నాడు.

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, సేవ అందలేదని బ్యాంకులో వివాదం నమోదు చేసే వీలు నాకు ఉండేది. యూపీఐలో నా అంతట నేను పంపిన డబ్బుకు ఆ వీలు దొరకలేదు. పాయింట్ల కన్నా నాకు ఈ రక్షణే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తోంది. స్థానిక ఆపరేటర్లలో చాలామంది కార్డు తీసుకోరు కాబట్టి, వారి దగ్గర నెలనెలా కట్టడమే మార్గం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆరు నెలలకూ ఏడాదికీ తగ్గింపు ఒకటేనన్న విషయం నేను గమనించనే లేదు. రెండు వివరాలు చెప్పడం మరచిపోయాను. మా అద్దె ఒప్పందం, అందరికీ ఉన్నట్టే, పదకొండు నెలలకు. ఆ తరువాత ఉంటామో లేదో తెలియదు. రెండవది, మా ఆవిడ ఇంటి నుండే గ్రాఫిక్ డిజైన్ పని చేస్తుంది, ఆమెకు జీఎస్టీ నమోదు కూడా ఉంది. దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?

జవాబు 3 (పన్నుల పని చేసేవాడిని)

వస్తుంది, పైగా మీరు వెతుకుతున్న క్యాష్‌బ్యాక్‌తో పోటీ పడేంత తేడా వస్తుంది. 799 రూపాయల మీద జీఎస్టీ నెలకు 143 రూపాయల 82 పైసలు, ఏడాదికి 1,725 రూపాయలు. కనెక్షన్ ఆమె వ్యాపారం పేరు మీద తీసుకుని, బిల్లు మీద ఆమె జీఎస్టీ సంఖ్య ఉండేలా చూసుకుంటే, ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే ఆమె ప్రభుత్వానికి కట్టవలసిన జీఎస్టీలో నుండి దానిని తగ్గించుకోవచ్చు. అయితే ఇల్లంతా వాడుకునే కనెక్షన్ కాబట్టి వ్యాపారానికి చెందిన భాగానికి మాత్రమే తీసుకోవాలి. మొత్తం 1,725 రూపాయలూ వస్తాయని అనుకోవద్దు. సగం వాడకం పనికే అనుకుంటే 860 రూపాయలు వస్తుంది. ఆమె కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారాలు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే మాత్రం ఈ క్రెడిట్ అసలు రాదు.

చాలామందికి వచ్చే అనుమానం ఒకటి: కార్డు క్యాష్‌బ్యాక్ వస్తే ఇన్‌పుట్ క్రెడిట్ తగ్గించుకోవాలా? అవసరం లేదు. ఆ డబ్బు ఇస్తున్నది మీ బ్యాంకు, ఇంటర్నెట్ కంపెనీ కాదు. బిల్లులో ఉన్న విలువ మారలేదు. అదే కంపెనీయే బిల్లులో తగ్గింపు చూపిస్తే, తగ్గిన విలువ మీదనే పన్ను పడుతుంది, క్రెడిట్ కూడా అంతకే. రౌటర్ కొన్నప్పుడు కూడా ఆమె సంఖ్యతో వ్యాపార బిల్లు అడగండి. 2,500 రూపాయల రౌటర్‌లో పన్ను 381 రూపాయల దాకా ఉంటుంది, అమెజాన్ కార్డు ఇచ్చే క్యాష్‌బ్యాక్ కన్నా ఎక్కువ.

జవాబు 4

రౌటర్ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కనుక నేను చెబుతాను. కంపెనీ ‘ఉచితంగా’ ఇచ్చే పెట్టె మీది కాదు, కనెక్షన్ మూసినప్పుడు తిరిగి ఇవ్వవలసినదే. ఫైబర్ తీగను దాని నుండి తీసి మీరు కొన్న మామూలు రౌటర్‌కు తగిలించడం కుదరదు. ఆ పెట్టె అలాగే ఉంటుంది, మీ రౌటర్‌ను దానికి లాన్ తీగతో కలపాలి. కాబట్టి రౌటర్ కొంటే కంపెనీ పెట్టె అద్దె మిగులుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మీ అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక రుసుము లేదు. అమెజాన్‌లో కొన్నదానికి ప్రైమ్ సభ్యులకు 5 శాతం, మిగిలినవారికి 3 శాతం వస్తుంది. 2,500 రూపాయల రౌటర్ మీద 125 లేదా 75 రూపాయలు. ఈ యాభై రూపాయల కోసం ప్రైమ్ సభ్యత్వం తీసుకోవద్దు. నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే వాయిదాల పద్ధతి) జోలికి కూడా వెళ్లవద్దు: ఈ కార్డు ఈఎంఐ కొనుగోళ్లకు క్యాష్‌బ్యాక్ ఇవ్వదు, పైగా వడ్డీని ధరలో తగ్గించి చూపినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీని బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. ఇంకొకటి, రౌటర్ నచ్చక వెనక్కి పంపితే దాని మీద వచ్చిన క్యాష్‌బ్యాక్ కూడా వెనక్కి పోతుంది.

డిపాజిట్ కట్టమంటే రసీదులో ‘తిరిగి ఇవ్వదగినది’ అని స్పష్టంగా రాయించుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లో డిపాజిట్ వాపసుకు గడువు ఉంది, కానీ రసీదు లేనివాడికి గడువుతో పనేముంది? పెట్టెను తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ సంఖ్య కనిపించేలా ఫోటో తీసుకోండి. మా తమ్ముడు ఇచ్చిన పెట్టె అందలేదని ఒక కంపెనీ నాలుగు నెలలు తిప్పింది, ఆ ఫోటోతోనే విషయం తేలింది.

జవాబు 5 (గుంటూరు నుండి)

మా వైపు ఏపీ ఫైబర్‌నెట్ ఉంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించినప్పుడు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఇచ్చారు. మా వీధి కేబుల్ ఆయన ప్రతి నెలా గుమ్మం దగ్గరకు వచ్చి నగదు తీసుకుని వెళతాడు. కార్డూ లేదు, పాయింటూ లేదు. మీ లెక్కలు చదువుతుంటే కొంచెం అసూయగానే ఉంది.

జవాబు 1 రాసినవారు మళ్లీ

పదకొండు నెలల ఒప్పందం అనగానే లెక్క మారిపోయింది. పదకొండు నెలల తరువాత ఖాళీ చేస్తారనుకుంటే, జియో ఏడాది ప్లాన్‌లో 9,897 రూపాయలు కట్టి దాదాపు రెండు నెలలు వదిలేసి వెళ్లాలి. జియోలోనే ఆరు నెలలు కట్టి 195 రోజులు వాడుకుని, మిగిలిన కాలానికి అయిదు నెలలు నెలవారీగా కడితే 9,073 అవుతుంది. ఎయిర్‌టెల్ పదకొండు బిల్లులు 10,371. దానిలో క్యాష్‌బ్యాక్ 2,592 పోయి కార్డు రుసుము 590 కలిస్తే 8,368. కాబట్టి మీ పరిస్థితిలో నెలవారీ ఎయిర్‌టెల్ ఏడు వందల రూపాయల మేరకు ముందుంది. కార్డు వచ్చేదాకా ఒకటి రెండు నెలలు ఆలస్యమైతే నెలకు 235 చొప్పున తగ్గించుకోండి. మూడు నెలలు ఆలస్యమైతే రెండూ సమానమవుతాయి.

ఆటో పేమెంట్ పెట్టేవారికి ఒక హెచ్చరిక. ఓటీపీ లేకుండా కార్డు నుండి దానంతట అదే వెళ్లే చెల్లింపుల పరిమితిని రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో 5,000 నుండి 15,000 రూపాయలకు పెంచింది. దాని లోపల ఉన్న మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు, 24 గంటల ముందు సందేశం మాత్రం వస్తుంది. ఏడాది ప్లాన్లు ఈ 15,000 లోపలే ఉంటాయి కాబట్టి, ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో ఆ సందేశం చూడకపోతే మరో ఏడాదికి డబ్బు వెళ్లిపోతుంది. ఇక కార్డు బిల్లు గడువులోగా పూర్తిగా కట్టే అలవాటు లేకపోతే ఈ పని మొదలే పెట్టకండి, నెలకు 3.5 శాతం పైబడిన వడ్డీ ముందు 235 రూపాయలు ఒక లెక్క కాదు.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజే కార్డుకు దరఖాస్తు చేశాను. కార్డు చేతికి వచ్చిన తరువాతే కనెక్షన్ పెట్టించుకుందామని, అంతవరకు ఫోన్ హాట్‌స్పాట్‌తో సర్దుకుందామని అనుకున్నాము, కానీ మా ఆవిడ పని అంతవరకు ఆగదు. అందుకే ఎయిర్‌టెల్ నెలవారీ ప్లాన్‌ను వచ్చే నెల నుండే ఆమె వ్యాపారం పేరు మీద, జీఎస్టీ సంఖ్యతో తీసుకుంటున్నాము. మొదటి బిల్లు క్యాష్‌బ్యాక్ లేకుండా పోయినా పరవాలేదు. రౌటర్ కూడా ఆమె పేరు మీదే వ్యాపార బిల్లుతో కొంటాను. ఇంటికి చేరి రెండు బిల్లులు వచ్చిన తరువాత, నిజంగా ఎంత వెనక్కి వచ్చిందో ఇక్కడే రాస్తాను.