మిషిగన్‌లో మొదటి కారు: పాత మస్టాంగా, కొత్త మస్టాంగా?

ప్రశ్న (నోవై)

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద హైదరాబాద్ నుంచి నోవైకి వచ్చి కొద్ది వారాలే అయింది. ఇక్కడ కారు లేకుండా రోజు గడవదని అర్థమైంది. ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ కారంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. నా డబ్బుకు రెండు దొరికేలా ఉన్నాయి. ఒకటి 2008 జీటీ, 4.6 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను), మాన్యువల్ గేర్లు. రెండోది 2016 ఎకోబూస్ట్, 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, ఆటోమేటిక్. ధరలో పెద్ద తేడా లేదు. పాతదే అసలైన మస్టాంగ్ అని ఆఫీసులో స్నేహితులు అంటున్నారు. మంచు పడే ఊళ్లో నేనెప్పుడూ కారు నడపలేదు. అనుభవం ఉన్న అన్నలు, అక్కలు సలహా ఇవ్వగలరు.

జవాబు (డియర్‌బోర్న్)

తమ్ముడూ, స్వాగతం. చాలా ఏళ్లుగా డియర్‌బోర్న్‌లో ఉంటున్నాను. మస్టాంగ్ అంటే నాకూ ప్రాణం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు నా మాట: మిషిగన్‌లో మొదటి కారుగా 2016 బండే తీసుకో.

‘అసలైన మస్టాంగ్’ అన్న మాటకు లొంగిపోవద్దు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఈ కారును ఆవిష్కరించినప్పుడు ప్రారంభ ధర 2,368 డాలర్లు. ఆ ధరకు ఇచ్చింది ఆరు సిలిండర్ల ఇంజనే. వీ8 కావాలంటే అదనంగా చెల్లించాలి. 1974లో రెండో తరం వచ్చిన ఏడాది అమెరికాలో వీ8 మస్టాంగ్ అసలు దొరకలేదు. 1984లో ఎస్‌వీఓ పేరుతో వచ్చిన మస్టాంగ్‌లో ఉన్నది 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బోనే. నాలుగు సిలిండర్ల మస్టాంగ్‌కూ వంశం ఉంది. బలం సంగతికి వస్తే, 2008 జీటీది 300 హార్స్‌పవర్, 2016 ఎకోబూస్ట్‌ది 310. ఇంజను పరిమాణం సగం, బలం ఇంకాస్త ఎక్కువ. అయితే ఆ 310 అనేది 93 ఆక్టేన్ పెట్రోలుతో, అంటే ఇక్కడి ప్రీమియం రకంతో, కొలిచిన లెక్క. మామూలు రకం 87తోనూ బండి నడుస్తుంది, కాకపోతే అంత బలం రాదు.

అసలు తేడా బండి కింద ఉంది. 2005 నుంచి 2014 వరకు వచ్చిన అయిదో తరంలో వెనక రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే గట్టి ఇరుసు ఉంటుంది. అది కావడి బద్ద లాంటిది: ఒక కొస కదిలితే రెండో కొసా కదలక తప్పదు. ఇక్కడ చలికాలం ముగిసేసరికి రోడ్ల మీద గుంతలు ఎలా ఉంటాయో మార్చిలో నువ్వే చూస్తావు. ఫ్రీవే నుంచి దిగే వంపు ర్యాంపు మీద ఒక వెనక చక్రం గుంతలో పడితే, పాత బండి వెనక భాగం పక్కకు ఎగిరినట్టు జరుగుతుంది. స్టీరింగ్ చేతిలో తిన్నగానే ఉంటుంది, సీటు మాత్రం కిందనుంచి పక్కకు తోస్తుంది. అలవాటైనవాళ్లు సర్దుకుంటారు, తడి రోడ్డు మీద కొత్తవాళ్లకు అది ప్రమాదం. 2015లో మొదలైన ఆరో తరంలో వెనక చక్రాలు దేనికవి విడిగా కదులుతాయి. వంపులో అదే గుంత తగిలితే కుదుపు తెలుస్తుంది కానీ బండి దారి తప్పదు.

దీనికి తోడు, జారే బండిని తనంతట తాను సరిచేసే స్టెబిలిటీ కంట్రోల్ మస్టాంగ్‌కు 2010 మోడల్ నుంచే వచ్చింది. 2008లో అది లేదు. వెనక చక్రాలతో నడిచే బండి, మంచు రోడ్డు, మంచులో నడిపిన అలవాటు లేని నువ్వు: ఈ మూడూ ఒకచోట చేరడం నాకు ఇష్టం లేదు. వెనక్కి తీసేటప్పుడు చూపించే కెమెరా కూడా 2016లో ఉంటుంది, పాతదానిలో ఉండదు.

అయినా పాతదాన్ని చూడటానికి వెళ్తే బానెట్ ముందు అంచు కింద బొటనవేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నిమిరి చూడు. ఆ ఏళ్ల బానెట్ అల్యూమినియంది. రేకు మడిచిన చోట రంగు కింద పొక్కులు లేస్తాయి. పైపైన రంగు వేయించి అమ్మేవాళ్లుంటారు, కాబట్టి కంటిని కాక వేలిని నమ్ము. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో రసీదు అడుగు. ఆ 4.6 ఇంజన్లలో 2008 వరకు చాలావాటికి రెండు ముక్కల ప్లగ్గులు వచ్చాయి. మసి పట్టి బిగుసుకుపోయి, విప్పేటప్పుడు విరిగి కింది ముక్క లోపలే ఉండిపోతుంది. దాన్ని బయటకు తీయడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, మెకానిక్కు కూలీ బాగా పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం ఎయిర్‌బ్యాగులు. 2005 నుంచి 2014 వరకు మస్టాంగ్‌లు టకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లో ఉన్నాయి, అంటే లోపం ఉందని వెనక్కి పిలిచిన బండ్లలో. అది పేలినప్పుడు లోహపు ముక్కలు మనిషి మీదికి ఎగరవచ్చు. ముందు అద్దం కింద డ్రైవరు వైపు మూలలో కనిపించే 17 అక్షరాల విన్ నంబరును (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొడితే, మార్చారో లేదో తెలిసిపోతుంది. మార్చకపోతే ఫోర్డ్ డీలరు ఉచితంగా మార్చాలి, బండి ఎన్ని చేతులు మారినా సరే.

కొత్తది అనగానే కళ్లు మూసుకుని నమ్మమని కూడా నేను అనను. ఐరోపాలో అమ్మిన ఇదే తరం కారుకు 2017 జనవరిలో, కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ అయిదింటికి రెండు నక్షత్రాలే ఇచ్చింది. వెనక సీట్లోవాళ్ల రక్షణ, ముందున్నదాన్ని గుర్తించి తానే బ్రేకు వేసే ఏర్పాటు లేకపోవడం అందులో ప్రధాన లోపాలు. అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో మాత్రం అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఆ బ్రేకు ఏర్పాటు 2018 మోడల్ నుంచి దొరుకుతుంది. నీ డబ్బు కాస్త సాగితే 2018 తర్వాతివి కూడా చూడు.

జవాబు (కాంటన్)

ఇద్దరు పిల్లల తల్లిగా నాకు వేరే సంగతులు గుర్తొస్తున్నాయి. కారు ఖాయం చేసుకునే ముందే రెండు బండ్ల విన్ నంబర్లూ ఇచ్చి ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కనుక్కోండి. మిషిగన్‌లో ఇన్సూరెన్స్ ఖర్చు చాలా ఎక్కువ. కొత్తగా వచ్చినవారికి ఇక్కడ డ్రైవింగ్ చరిత్ర ఉండదు కాబట్టి ఇంకా పెరుగుతుంది. 2020 జూలై నుంచి వైద్య ఖర్చుల కవరేజీ ఎంత ఉండాలో మనమే ఎంచుకోవచ్చు. నెలకు కొంత మిగులుతుందని తక్కువది ఎంచుకోకండి. ముందు మీ ఆరోగ్య బీమా ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో చూసుకోండి.

ఇంకొకటి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు విమానాశ్రయం నుంచి ఎలా తీసుకువస్తారు? రెండు తలుపుల బండి, పచ్చళ్ల డబ్బాలతో నిండిన నాలుగు పెద్ద పెట్టెలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ముందు సీటు మడిచి వెనక్కి ఎక్కలేరు. వాళ్లు త్వరలో వచ్చేలా ఉంటే మస్టాంగ్ ఇంకో రెండేళ్లు ఆగనివ్వండి.

జవాబు (స్టెర్లింగ్ హైట్స్)

డియర్‌బోర్న్ అన్నయ్య చెప్పిన జాగ్రత్తలన్నీ నిజమే. కానీ వీ8 స్టార్ట్ చేసినప్పుడు గుండెల్లో మోగే ఆ శబ్దం కోసమే కదా మస్టాంగ్ కొనేది! తమ్ముడి మనసంతా దాని మీదే ఉంటే ఆ కోరిక ఎందుకు చంపుకోవాలి?

జవాబు (డియర్‌బోర్న్)

చంపుకోవద్దు, 2008తో మాత్రం తీర్చుకోవద్దు. 2011లో జీటీకి కొత్త 5.0 లీటర్ల ఇంజను వచ్చింది, 412 హార్స్‌పవర్. ఇరుసు పాతదే అయినా స్టెబిలిటీ కంట్రోల్ ఉంటుంది. 2011–14 జీటీల్లో మాన్యువల్ గేర్‌బాక్సు మీద ఫిర్యాదులు ఎక్కువ, ముఖ్యంగా రెండో గేరు సరిగా పడదని. అందుకని ఇంజను చల్లగా ఉన్నప్పుడే నడిపి చూడు. 2015 తర్వాతి జీటీ అందితే ఇంకా మంచిది. 2016లో ఫోర్డ్ మన దేశంలో అమ్మింది కూడా ఈ ఆరో తరం జీటీనే. ఫ్యాక్టరీలోనే కుడి చేతి స్టీరింగ్‌తో తయారైన మొదటి మస్టాంగ్ తరం ఇది. హైదరాబాద్‌లో నువ్వు చూసి ముచ్చటపడింది బహుశా ఇదే అయి ఉంటుంది.

కాంటన్ చెల్లెమ్మ చెప్పిన పెట్టెల మాట నూటికి నూరు పాళ్లు నిజం. అమ్మానాన్నలు వచ్చే నెలల్లో పెద్ద బండి అద్దెకు తీసుకో.

ఏది కొన్నా రెండు పనులు చెయ్యి. టైర్లు చూడు: కొన్ని మస్టాంగ్‌లు వేసవి టైర్లతో వస్తాయి. ఏడు డిగ్రీల సెల్సియస్ కన్నా చలి ఎక్కువైతే ఆ రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు. నవంబరులో నాలుగు చక్రాలకూ చలికాలపు టైర్లు వేయించు, వెనక రెండింటికే సరిపెట్టకు. రెండోది, డబ్బు ఇచ్చే ముందు బండిని లిఫ్టు ఎక్కించి కింద చూడాలి. ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు బ్రేకు గొట్టాలను, జాకీ పెట్టే అంచులను, వెనక చక్రాల లోపలి వైపును తినేస్తుంది. అమ్మేవాడు లిఫ్టుకు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపెయ్యి.

ఈ శనివారం నాకు తీరిక ఉంది. 2016 బండి ఎక్కడుందో నాకు విడిగా రాయి, నేనూ వచ్చి చూస్తాను. టార్చి లైటు నేనే తెస్తాను.