అల్జీమర్స్‌తో దేవుడినే మర్చిపోతే విశ్వాసం సంగతేంటి?

ప్రశ్న:
అందరికీ వందనాలు. అమ్మకి అల్జీమర్స్, నన్నే గుర్తుపట్టట్లేదు, ప్రార్థన చేద్దామమ్మా అంటే ఎవరికి అని అడుగుతోంది. రోమా 10:9లో యేసే ప్రభువని నోటితో ఒప్పుకుని హృదయంలో విశ్వసిస్తే రక్షణ అని ఉంది కదా, ఒప్పుకున్న సంగతే మర్చిపోయినవాళ్ల మాటేంటి? పుట్టుకతోనే మేధో వైకల్యం ఉండి ఆ మాట ఎప్పటికీ అనలేనివాళ్లో? "అప్పట్లో నమ్మింది చాల్లే" అని మాత్రం ఓదార్చకండి ప్లీజ్, నేనడిగేది ఇప్పటి అమ్మ గురించి.

జవాబు 1:
మన జ్ఞాపకం మీదే రక్షణ నిలబడేదైతే ఆపరేషన్‌కి మత్తిచ్చినప్పుడు ఎవరం మిగలమండీ. బైబిల్లో గుర్తుపెట్టుకునే పని ఎక్కువగా దేవుడిదే. నోవహును జ్ఞాపకం చేసుకున్నాడు, గాలి వీచి నీళ్లు తగ్గాయి (ఆదికాండం 8:1). హన్నాని జ్ఞాపకం చేసుకున్నాడు, సమూయేలు పుట్టాడు. యెషయా 49:15లో తల్లి చంటిబిడ్డని మర్చిపోయినా నేను నిన్ను మరువను అంటాడు, మీ ఇంట్లో నిజంగానే తల్లి మర్చిపోయింది కాబట్టి ఆ వచనం అమ్మకీ మీకూ ఇద్దరికీ వర్తిస్తుంది. ఒకప్పుడు మెంటల్ హెల్త్ నర్సుగా చేసిన జాన్ స్వింటన్ అనే స్కాట్లండ్ ప్రొఫెసర్ 2012లో డిమెన్షియా మీద రాసిన పుస్తకంలో ముఖ్య వాదన ఇదే.

జవాబు 2:
బాగుంది కానీ "దేవుడు గుర్తుంచుకుంటాడులే" అని సంఘం చేతులు దులుపుకోడానికీ అదే మాట పనికొస్తుంది బ్రదర్. మా నాన్నకి ప్రభువు బల్ల రోజు (యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు) రొట్టె ముక్క చేతిలో పెట్టారు, ఆయన దాన్ని వేళ్లతో తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు, ద్రాక్షరసం ట్రే పట్టుకున్నాయన కాసేపు నిలబడి పక్క వరసకి వెళ్లిపోయాడు, ఆరాధన టైముకి అయిపోవాలి కదా మరి. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకై దీనిని చేయుడి" అని యేసు అన్నది సంఘం మొత్తానికి చెప్పిన మాట, ఒకరు మర్చిపోయింది పక్కనున్నవాళ్లు గుర్తుంచుకోవాలి, రెండు నిమిషాలు ఆగాలి. స్వింటన్ 2016లో కాలం, వైకల్యం మీద ఇంకో పుస్తకం రాశారు, గడియారాన్ని బట్టి మనిషికి విలువ కట్టే అలవాటునే అందులో నిలదీస్తారు.

జవాబు 3:
పాత కీర్తనలు పాడి చూడండి, మాటలు పోయినా పాటలు చాలామందిలో చాలాకాలం ఉంటాయి. ఎవరికి అని అడిగితే విసుక్కోకుండా ప్రతిసారీ యేసయ్యకమ్మా అనండి, అంతే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. మరి పునరుత్థానంలో అమ్మ ఎలా ఉంటుంది?

జవాబు 1:
లేచాక కూడా యేసు చేతుల్లో గాయాలున్నాయి (యోహాను 20:27), నాన్సీ ఐస్‌లాండ్ అనే అమెరికన్ దైవశాస్త్రవేత్త 1994లో "వైకల్యంతో ఉన్న దేవుడు" అనే పుస్తకం రాసింది ఈ ఆధారంతోనే. లేచాక కూడా వైకల్యం గుర్తులు ఉండొచ్చనే ఆ వాదన కాళ్లూ చేతుల విషయంలో నాకు నచ్చుతుంది. మరుపు విషయంలో మాత్రం ఒప్పుకోలేను, మీ అమ్మ మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తుందనే నమ్ముతా.