చిన్న ఫార్మా కంపెనీకి విదేశాల్లో ల్యాబ్ అవసరమా?

జీడిమెట్ల_ఫార్ములేషన్:
మాది జీడిమెట్లలో ఓ మోస్తరు ఫార్మా కంపెనీ. యూరప్‌లో అమ్మకానికొచ్చిన ఒక చిన్న ల్యాబ్‌ను కొనాలని మా మేనేజ్‌మెంట్ చూస్తోంది. అక్కడ ఒక సైంటిస్టుకిచ్చే జీతంతో ఇక్కడ నలుగురిని పెట్టుకోవచ్చు కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంజెక్టబుల్స్_రావు:
జీతాల లెక్క వేస్తే ఇది తేలదండీ. నేను పనిచేసేది లాంగ్ యాక్టింగ్ ఇంజెక్షన్ల మీద, అంటే ఒకసారి వేస్తే చాలారోజులు పనిచేసేవి. పాలిమర్‌ను (మందును పట్టి ఉంచే ప్లాస్టిక్ లాంటి పదార్థం), మందును సాల్వెంట్‌లో కరిగించి, నీళ్లలో సన్నటి బిందువులుగా విడగొట్టి, సాల్వెంట్ పోయేదాకా కలుపుతూనే ఉంటాం. చివరికి పొడిలాంటి గుండ్రటి రేణువులు మిగులుతాయి. వాటి సైజులో తేడా వచ్చిందా, నెలంతా కొద్దికొద్దిగా విడుదల కావాల్సిన మందు మొదటిరోజే బోలెడంత బయటికొచ్చేస్తుంది. బీకరులో బాగా వచ్చిన బ్యాచ్ పెద్ద వెసల్‌లోకి వెళ్లేసరికి మొండికేస్తుంది. పేటెంటు ఎన్నిసార్లు చదివినా ఇది పట్టుబడదు, చేసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

మన డాక్టర్ రెడ్డీస్‌నే చూడండి. ఇలాంటి పనిలో చెయ్యి తిరిగిన ఆక్టోప్లస్ అనే కంపెనీ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉండేది. దాన్ని సుమారు 2.7 కోట్ల యూరోలకు కొంటున్నట్టు 2012లో ప్రకటించింది. అంతకుముందు 2006లో జర్మనీలో బీటాఫార్మ్ అనే జెనరిక్ మందుల కంపెనీకి పెట్టింది 48 కోట్ల యూరోలు! అక్కడ కొన్నది మార్కెట్‌ను. ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి ధరలు దించేశాక, ఆ విలువలో పెద్ద భాగాన్ని లెక్కల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. నన్నడిగితే మీవాళ్లు ల్యాబ్ వైపు చూడటమే మంచిది.

వరంగల్_ఆటో:
రావు గారూ, కొనడమే దారి కాదు కదా. మా రంగంలో టాటా మోటార్స్ 2005లో ఇంగ్లండ్‌లో టెక్నికల్ సెంటర్ పెట్టింది వార్విక్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే. ప్రొఫెసర్లు, ల్యాబులు పక్కనే ఉంటాయి. చిన్న కంపెనీ అయితే ముందు ఏదైనా యూనివర్సిటీతో ఒక ప్రాజెక్టు చేసి చూడొచ్చు.

జీడిమెట్ల_ఫార్ములేషన్:
ఇద్దరికీ థాంక్సండీ. కొనేశాక అక్కడివాళ్లు మానేసి వెళ్లిపోతే? నా టెన్షన్ అదే.

ఇంజెక్టబుల్స్_రావు:
అసలు సంగతి పట్టుకున్నారు. వాళ్లు పోతే మీకు మిగిలేది మెషిన్లే. స్కేలప్, అంటే బీకరులో వచ్చినదాన్ని పెద్ద వెసల్‌లో రాబట్టడం, స్వయంగా చేసినవాళ్లు అక్కడ ఎందరున్నారో, ఎన్నేళ్లు ఉండేలా ఒప్పందం రాసుకుంటున్నారో ధర మాట్లాడకముందే అడగమనండి. మీ దగ్గర్నుంచి కనీసం ఇద్దరు వెళ్లి, తూకం వేయడం దగ్గర్నుంచి వయల్స్ నింపేదాకా వాళ్లతో కలిసి బ్యాచ్‌లు చెయ్యాలి. రిపోర్టులు తెప్పించుకుని చదివితే సరిపోదు. ఆ ఇద్దరిలో మీరొకరయ్యేలా చూసుకోండి.