రిగ్రెషన్ సైకిల్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు పాత ఫలితాలు చెరిగిపోకుండా చూసుకోవడం ఎలా?

ప్రశ్న:
నమస్కారమండీ. మా టీమ్ రెండు వారాలకొకసారి రిలీజ్ ఇస్తుంది. ప్రతి రిలీజ్‌కు ముందు సుమారు 400 రిగ్రెషన్ టెస్ట్ కేసులను (కొత్త మార్పుల వల్ల పాత ఫీచర్లు చెడిపోలేదని చూసే పరీక్షలను) రన్ చేస్తాము. ఇంతవరకూ ఒకే స్ప్రెడ్‌షీట్‌లో స్టేటస్ కాలమ్‌ను ఖాళీ చేసి మళ్లీ నింపుతూ వచ్చాము. ఇటీవల పేమెంట్ పేజీలో ఒక బగ్ బయటపడినప్పుడు, ఆ టెస్ట్ చివరిసారి ఏ బిల్డ్‌లో (సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో) పాసయిందని మేనేజర్ గారు అడిగితే చెప్పలేకపోయాను. ప్రతి సైకిల్‌కూ కేసులన్నిటినీ కాపీ చేసుకోవడం తప్ప మార్గం లేదా?

జవాబు 1:
దయచేసి కేసులను కాపీ చేయకండి. ఏడాది తిరిగేసరికి ఒక్కో కేసుకు 26 ప్రతులు పోగవుతాయి, ఒక స్టెప్ మారితే వాటిలో దేన్ని సవరించాలో ఎవరికీ తెలియదు. ఫలితం టెస్ట్ కేసుకు చెందినది కాదు, ఆ కేసును ఫలానా బిల్డ్‌పై, ఫలానా ఎన్విరాన్‌మెంట్‌లో నడిపిన ఆ ఒక్క రన్‌కు చెందినది. టెస్టులను నిర్వహించే టూల్స్‌లో, అంటే టెస్ట్‌రైల్‌లో టెస్ట్ రన్, ఎక్స్‌రేలో టెస్ట్ ఎగ్జిక్యూషన్, టెస్ట్‌లింక్‌లో బిల్డ్ అనేవి ఇందుకోసమే ఉన్నాయి. కేసు ఒక్కచోటే ఉంటుంది, ప్రతి సైకిల్‌కూ కొత్త రన్ తెరుస్తారు, చరిత్ర దానంతటదే పేరుకుంటుంది. స్ప్రెడ్‌షీట్‌తోనే కొనసాగాలనుకుంటే, ఫలితాలకు వేరే షీట్ పెట్టి, కేసు ఐడీ, బిల్డ్ నంబర్, తేదీ, ఫలితం, బగ్ ఐడీలతో ప్రతిసారీ కొత్త వరుస చేర్చండి. పాత వరుసను మాత్రం ముట్టుకోకండి.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక ప్రమాదం గుర్తుచేస్తాను. మార్చిలో పాసయిన కేసు స్టెప్‌లను జూన్‌లో మారిస్తే, ఆ పాత 'పాస్' దేనికి వచ్చిందో అర్థం కాకుండా పోతుంది. అందుకే సైకిల్ ముగిసిన వెంటనే రన్‌ను క్లోజ్ చేయడం అవసరం. టెస్ట్‌రైల్‌లో అలా క్లోజ్ చేసిన రన్‌లో కేసులు ఆనాటి రూపంలోనే నిలిచిపోతాయి, తర్వాతి సవరణలు దాన్ని తాకవు. అయితే దాన్ని తిరిగి తెరవడం కుదరదు కనుక, ఫలితాలన్నీ నమోదయ్యాయని చూసుకున్నాకే క్లోజ్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఫెయిలైన కేసులను బగ్ ఫిక్స్ తర్వాత మళ్లీ నడిపినప్పుడు, అదే రన్‌లో 'పాస్'గా మార్చవచ్చా?

జవాబు 1 ఇచ్చినవారు:
ఫిక్స్ కొత్త బిల్డ్‌లో వచ్చింది కదండీ, కాబట్టి ఫెయిలైనవాటితో మరో రన్ తెరవండి. టెస్ట్‌రైల్‌లోని రీరన్ సదుపాయం స్టేటస్‌ను బట్టి వాటిని ఎంచుకోనిస్తుంది. ఆ ఫెయిల్ రికార్డు అలాగే ఉండాలి. ఒకే కేసు నాలుగు సైకిళ్లలో మూడుసార్లు ఫెయిలై బాగుపడిందంటే, ఆ మాడ్యూల్‌కు మరిన్ని టెస్టులు కావాలని మీకు తెలిపేది ఆ రికార్డే.