సునాబెడలో కూరగాయలు: తెలుగు మాట వినగానే రేటు పెంచుతున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారమండి. మావారికి ఒడిశాలోని సునాబెడకి ట్రాన్స్‌ఫర్ అయితే ఈ వేసవిలో ఇక్కడికి వచ్చాం. మాది తెనాలి వైపు. నాకు ఒడియా రాదు, హిందీ అంతంతమాత్రం. మా వీధి చివర కూర్చునే కూరగాయలాయన నా ముందున్నావిడకి వంకాయలు కిలో 40కి ఇచ్చి, నన్ను 60 అడిగాడు. అదలా ఉంచితే, కిలో అని తెచ్చిన టమాటాలు ఇంట్లో కాటా మీద పెడితే 880 గ్రాములే తూగాయి. కొనకుండా ఎలాగూ కుదరదు. గొడవ పడకుండా ఎలా నెట్టుకురావాలి? ఫిర్యాదు చెయ్యొచ్చా?

జవాబు (సెమిలిగుడ)

చెల్లెమ్మా, రేటు ఎక్కువ చెప్పడం, తూకం తగ్గించడం రెండూ ఒకటి కావు. విడిగా అమ్మే కూరగాయలకి ఎమ్మార్పీ ఉండదు. 60 చెప్పాడని ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోరు. పక్క బుట్ట దగ్గరికి వెళ్లిపోవడమే దానికి మందు. తూకంలో కొట్టడం మాత్రం నేరం. 2009 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సంతలో బుట్ట పెట్టుకున్నవాళ్లయినా సరే, కాటాకీ రాళ్లకీ ప్రభుత్వ ముద్ర ఉండాలి. కాబట్టి 20 రూపాయల తేడా గురించి కాదు, ఆ 120 గ్రాముల గురించి గట్టిగా నిలబడు.

అక్కడ చూడాల్సినవి ఇవి. ఎలక్ట్రానిక్ కాటా అయితే, పళ్లెం పెట్టాక, కాయలు వెయ్యకముందు సున్నా చూపిస్తోందా లేదా చూడు. అంకెలు తన వైపే కనపడేలా పెట్టుకుంటే తిప్పమని అడుగు, అడగడం తప్పేం కాదు. తడిసిన గోనెపట్ట, లోతైన ప్లాస్టిక్ గిన్నె, వీటి బరువు నీ లెక్కలో కలిసిపోతుంది. తక్కెడ అయితే ఖాళీగా ఎత్తించి రెండు పళ్లేలూ సమంగా నిలిచాయో లేదో చూడు. ఇనుప రాయి అడుగున సీసం బిళ్ల ఉంటుంది, దాని మీదే ముద్ర కొడతారు. ఆ బిళ్ల ఊడిపోయినా, ఇనుప రాయికి బదులు మామూలు రాయో నట్టో వేసినా అక్కడ కొనొద్దు.

అనుమానం తీరకపోతే మా అమ్మ చేసేది చెప్తాను. సంచిలో సీలు తియ్యని కిలో ఉప్పు ప్యాకెట్ వేసుకుని వెళ్లేది. కూరగాయలు తూచేముందు, "నాయనా, దీన్ని ఒకసారి పెట్టు" అనేది, అంతే. కవరు బరువుతో కలిపి కిలోకి కాస్త ఎక్కువే చూపించాలి. కిలో మీద వంద గ్రాములు ఎక్కువ చూపించిందంటే ఆ కాటాలో మోసం ఉన్నట్టే. ఒక్క మాట కూడా అనక్కర్లేదు, ఆ ప్యాకెట్ చూస్తే చాలు, మరుసటి రోజు నుంచి తూకం సరిగ్గా వస్తుంది.

జవాబు (జయపురం)

పై అన్నయ్య చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. రేటు కిలోకా, అర కిలోకా, పావుకా అన్నది ముందే తేల్చుకోండి. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. ఒడియాలో "కిలో కేతే?" (కిలో ఎంత?) అని అడగండి, చాలు. కోడియే అంటే 20, తిరిశ 30, చాళిశ 40, పచాశ 50. ఇవి నోటికి వస్తే సగం టెన్షన్ పోతుంది. వంకాయని బాయిగణ అంటారు, గుమ్మడిని కఖారు, బీరకాయని జహ్ని. అయినా ఇక్కడ చాలామంది వ్యాపారులకి తెలుగు బాగానే వచ్చు.

హోల్‌సేల్ ధర తెలుసుకోవాలంటే మార్కెట్ ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ ఆగ్‌మార్క్‌నెట్ చూడండి. అక్కడ ధరలు క్వింటాలుకి ఇస్తారు, వందతో భాగించుకోండి. 2400 ఉందంటే కిలో 24 అన్నమాట. వీధిలో అదే ధరకి ఎవరూ ఇవ్వలేరు. బండి కిరాయి, వాడిపోయి పారేసినవి, రోజంతా కూర్చున్న కష్టం అన్నీ అందులో ఉంటాయి. 35 అంటే నేను మాట్లాడకుండా ఇచ్చేస్తాను, 60 అంటే వచ్చేస్తాను.

ప్రశ్న వేసినావిడ

చాలా థాంక్సండి. శుక్రవారం కుందులి సంతకి వెళ్తే చవకగా వస్తాయని పక్కింటివాళ్లు అంటున్నారు. అక్కడ కాటాలు లేకుండా పోగులు పెట్టి అమ్ముతారట కదా, అక్కడ ఎలా బేరం చెయ్యాలి?

జవాబు (సెమిలిగుడ)

తప్పకుండా వెళ్లు, తాజా కూర దొరుకుతుంది. ఉదయాన్నే వెళ్లాలి. కానీ అక్కడ నా మాట ఒకటి విను. కొండ మీంచి తెల్లవారుజామున బుట్ట మోసుకొచ్చి, నేల మీద నాలుగు పోగులు పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి దగ్గర బేరం ఆడకు. ఆవిడ మనల్ని ముంచదు. మునిగేది ఆవిడే. పెద్ద వ్యాపారులు బస్తాలకి బస్తాలు ఎత్తేటప్పుడు తూకంలో ఆవిడకే నష్టం వస్తుంది, కళ్లారా చూశాను. ఆవిడ దగ్గర కొన్న అల్లమే పట్నం దుకాణంలో ఎంతకి అమ్ముతారో మనకి తెలుసు. పోగు ఇంత అంటే ఇచ్చేసి తెచ్చుకో. చిల్లర పట్టుకెళ్లు, పది, ఇరవై నోట్లు. పెద్ద నోటు ఇస్తే పాపం, చిల్లర కోసం సంతంతా తిరగాలి.

జవాబు (కొరాపుట్)

ఫిర్యాదు సంగతి ఎవరూ చెప్పలేదు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. దుకాణం ఎక్కడో, ఏ రోజో, ఎంతకి ఎంత తగ్గిందో రాసి పెట్టుకుని ఫోన్ చెయ్యండి. కాటా మీద అంకెల ఫొటో ఉంటే ఇంకా మంచిది. మీ వీధి చివర ఆయన మీద అప్పుడే వద్దులెండి. ముందు ఉప్పు ప్యాకెట్ పట్టుకెళ్లి చూడండి. అయినా మారకపోతే అప్పుడు చెయ్యండి.