అప్‌డేట్: ఎన్‌వీడీఏ తెలుగు పీడీఎఫ్ చదవని సమస్య తీరింది

చూపు లేని మా తమ్ముడు గ్రూప్-2కి చదువుతున్నాడు. తెలుగు నోట్సు పీడీఎఫ్ తెరిస్తే ఎన్‌వీడీఏ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్) అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు చదువుతోందని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడమన్నవారి మాటే నిజమైంది. పీడీఎఫ్‌లో చక్కని తెలుగు, నోట్‌ప్యాడ్‌లో అదే లైను ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. ఆ నోట్సు యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ విడి కోడ్‌లు ఇచ్చే పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంటులో కొట్టారు. అందులో ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు రూపాలు తొడిగారు. కంటికి తెలుగే, స్క్రీన్ రీడర్‌కు మాత్రం కాదు.

కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. కొన్నిచోట్ల ఒత్తులు చెదిరాయి, కూర్చుని సరిచేయాల్సి వచ్చింది. పాఠాల పేర్లకు వర్డ్‌లో హెడింగ్ స్టైల్ పెట్టాక, ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (ఒక్కో కీ నొక్కి పేజీలో ముందుకు వెళ్లే పద్ధతి) హెచ్ నొక్కితే చాలు, తమ్ముడే నేరుగా తర్వాతి పాఠానికి వెళ్లిపోతున్నాడు. అన్నిటికంటే నాకు ఇదే సంతోషం.

ఎన్‌వీడీఏ చదివే ఈస్పీక్ గొంతు మార్చడం, ఎన్‌వీడీఏ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మా విషయంలో పనికిరాలేదు. మీ పీడీఎఫ్‌లో అసలు అక్షరాలు సెలెక్టే కాకపోతే అవి స్కాన్ చేసిన పేజీలు కావచ్చు, వాటికి ముందు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చడం) చేయాలి.